ఏం కావాలో ముందు అడగండి: బడి పిల్లలు సేవా కార్యక్రమం, విరాళాల సేకరణ ఎలా చేయాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊరి పక్కన మహేంద్రతనయ, కాస్త దూరంలో పాతపట్నం, అక్కడినుంచి ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొండమీది ఊళ్లలో సవర. ఆ గాలికి మా వీధిలో రెండు కొబ్బరిచెట్లు ఒరిగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. కొండల వైపు చరియలు విరిగిపడి మనుషులే పోయారు.

దసరా సెలవులయ్యి బడి తెరవగానే మేం పాత బట్టలు పోగుచేశాం. ఇల్లిల్లూ తిరిగాం. పదకొండు మూటలయ్యాయి. మా సైన్సు మాస్టారు తెలిసినవాళ్ల వ్యానులో ఆరు మూటలు వేసుకుని ఒక కొండ ఊరికి వెళ్లారు. సాయంత్రం తిరిగొచ్చి ఒక్క మాట చెప్పారు: "బట్టలు అందరూ ఇచ్చారమ్మా. వాళ్లకి కావలసింది ఇంటికప్పు మీద వేసుకోవడానికి టార్పాలిన్. మనం ఒక్కటీ పట్టుకెళ్లలేదు."

మిగిలిన ఐదు మూటలు వరండాలో ఏడాది పాటు ఉండిపోయాయి. ఎలకలు కొట్టేశాయి. నేను రోజూ వాటి పక్కనుంచే క్లాసుకి వెళ్లేదాన్ని.

ఆ తర్వాత తొమ్మిదో తరగతిలో తెలుగు పుస్తకాల బీరువా పెట్టాం, ప్లస్ టూలో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్)లో చేరాను, ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చాను. మా బడి పిల్లలు ఇప్పటికీ వచ్చి "అక్కా, మేం కూడా ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. బరంపురంలో ఉన్నా, గుణుపురంలో ఉన్నా, రాయగడలో ఉన్నా మీ పరిస్థితి మాకంటే పెద్ద తేడాగా ఉండదు.

మొదట వెళ్లి అడగండి

ఏం ఇవ్వాలో క్లాసురూములో కూర్చుని తేల్చకండి. ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో వాళ్ల దగ్గరికి ముందు వట్టి చేతులతో వెళ్లండి. వెంట ఒక టీచరుగారు ఉండాలి. సవర ఊరైతే ఆ భాష వచ్చిన వాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. మీ క్లాసులోనే సవర పిల్లలు ఉంటారు కదా, వాళ్లని తీసుకెళ్లండి. ఒడియాలో అడిగితే పెద్దవాళ్లు "ఆజ్ఞా, ఆజ్ఞా" అని తలూపుతారు, అసలు మాట బయటికి రాదు. వాళ్ల భాషలో అడిగితే పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుంటుంది.

అడగాల్సినవి మూడు. ఇప్పుడు దేనికి ఇబ్బంది పడుతున్నారు? ఇప్పటికే ఎవరైనా ఏమైనా ఇచ్చారా? మేం ఇచ్చేది ఎక్కడ పెట్టుకుంటారు, ఎవరు చూసుకుంటారు? మూడో ప్రశ్నని అందరూ మర్చిపోతారు. మేమూ మర్చిపోయాం, దాని సంగతి చివర్లో చెబుతాను.

ప్లస్ టూలో ఉన్నప్పుడు సవర ఆడపిల్లల హాస్టలుకి పరీక్షల ముందు పెన్నులు, జామెట్రీ బాక్సులు ఇద్దామనుకున్నాం. నలభై బాక్సులకి డబ్బు ఎంతవుతుందో కూడా లెక్క వేసేశాం. ఈసారి ముందు వెళ్లి అడిగాం. వార్డెనమ్మ "అవి ఉన్నాయమ్మా, మొన్ననే వచ్చాయి" అన్నారు. పిల్లల్ని అడిగితే కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక అమ్మాయి మెల్లగా చెప్పింది, చదువుకునే గదిలో గడియారం లేదట. తెల్లవారుజామున నాలుగింటికి లేద్దామని పడుకుని, ఏ రెండింటికో లేచి కూర్చుంటున్నారట. పాత ప్రశ్నపత్రాలు మూడు గంటల్లో రాయడం ప్రాక్టీసు చేద్దామంటే టైము చూసుకోవడానికి ఏమీ లేదట. ఇంకొకమ్మాయి మూతలున్న బకెట్లు అడిగింది. రెండు గోడ గడియారాలు, ఆరు బకెట్లు. మేం వేసుకున్న లెక్కలో సగం కూడా కాలేదు. ఆ గడియారం మాట మేం క్లాసులో వందసార్లు కూర్చున్నా తట్టేది కాదు.

ఇది మా ఊరికి కొత్త కూడా కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. సవరల పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన ముందు సవర భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన తెలుగువాళ్లందరికీ తెలుసు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నాకు మాత్రం ఆయనలో అన్నిటికంటే పెద్ద విషయం ఈ వరసే. ముందు వాళ్ల మాట, తర్వాత మన సాయం.

చిన్న పని పెట్టుకోండి, అనుమతి తీసుకోండి

అడిగి వచ్చాక ఒక కాగితం మీద ఒకే వాక్యం రాయండి: ఎవరికి, ఏం, ఎన్ని, ఏ తేదీకి. "పేద పిల్లలకు సాయం చేయడం" అని రాస్తే పని మొదలవదు. "ఫలానా హాస్టలు చదువు గదికి రెండు గడియారాలు, ఆరు మూత బకెట్లు, జనవరి 31 లోపు" అని రాస్తే ఎవరికి ఏ పని ఇవ్వాలో ఆ రోజే తేలిపోతుంది.

ఆ వాక్యం తీసుకుని హెడ్‌మాస్టరుగారి దగ్గరికి వెళ్లండి. నోటిమాట సరిపోదు, అర్జీ రాసివ్వండి. మా వైపు ఆఫీసు కాగితాలన్నీ ఒడియాలోనే నడుస్తాయి కాబట్టి అర్జీ ఒడియాలో ఉండాలి. ఏం చేస్తారు, ఏ తేదీల్లో, ఎవరెవరు, బాధ్యత ఏ టీచరుగారిది, డబ్బు ఎక్కడ ఉంటుంది అనే ఐదు సంగతులు అందులో ఉంటే చాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక, ప్రాథమికోన్నత బళ్లలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మీ బడిలో అలాంటి కమిటీ ఉంటే అందులో ఒకరికి ముందే చెప్పి ఉంచండి. రేపు వీధిలో ఎవరైనా "మీ పిల్లలు డబ్బులు అడుక్కుంటున్నారేంటి" అంటే మీ తరఫున మాట్లాడే మనిషి ఉంటారు.

ఇంట్లో కూడా చెప్పాలి. ఏ వీధికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో. ఇద్దరిద్దరుగా వెళ్లండి, చీకటి పడేలోపు ఇంటికి రండి. బస్టాండులో, రైల్వే గేటు దగ్గర డబ్బా పట్టుకుని నిలబడొద్దు.

ఎప్పుడు అడగాలి, ఎప్పుడు అడగకూడదు

చందా అన్న మాట తెలుగులోనూ ఉంది, ఒడియాలోనూ ఉంది. రెండు భాషల్లోనూ కొట్టువాళ్లకు ఆ మాట వినగానే చిరాకే. వినాయక చవితి, దుర్గాపూజ, కాళీపూజ, అన్నీ వరసగా వస్తాయి. ఆ రెండు మూడు నెలలూ రసీదు పుస్తకం పట్టుకుని ఎవరో ఒకరు వాళ్ల గల్లాపెట్టె ముందు నిలబడే ఉంటారు. ఆ సమయంలో మీరూ వెళ్తే మీ పని ఎంత మంచిదైనా ఆ గుంపులోనే కలిసిపోతుంది. తుపానులాంటిది వస్తే తప్ప సెప్టెంబరు నుంచి దీపావళి వరకు ఎవరినీ డబ్బు అడగకండి.

సంక్రాంతి ముందూ వెనకా మంచి సమయం. వరి కోతలయ్యి రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, ఊరికి దూరంగా ఉన్న అన్నలూ అక్కలూ ఇళ్లకు వస్తారు. ఫిబ్రవరి నుంచి పరీక్షల హడావిడి, అప్పుడు వద్దు. తెలుగు పుస్తకాలు కావాలంటే ఏప్రిల్ చివరి వారం చూడండి. పాతపట్నం, టెక్కలి వైపు బళ్లలో అప్పటికి సంవత్సరం అయిపోతుంది, చదివేసిన వాచకాలు ఇళ్లలో ఉంటాయి. మాకు ఎక్కువ పుస్తకాలు అలాగే వచ్చాయి. మా పెద్దమ్మ కొడుకు టెక్కలిలో తన స్నేహితుల ఇళ్లన్నీ తిరిగి ఒక గోనెసంచి నింపి గుణుపురం రైల్లో తెచ్చిచ్చాడు.

డబ్బు కంటే ముందు వస్తువు అడగండి

డబ్బు అడిగితే పది రూపాయలిచ్చి పంపేస్తారు. వస్తువు అడిగితే మనిషి ఆలోచిస్తాడు. ఒక ప్లాస్టిక్ సామాన్ల కొట్టులో జరిగిన మాటలు నా డైరీలో ఉన్నాయి, ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"ఏం చందా అమ్మా? మొన్ననే పందిరి కుర్రాళ్లు పట్టుకెళ్లారు."

"చందా కాదు బాబాయిగారూ. హాస్టలు పిల్లలకి మూత బకెట్లు ఆరు కావాలి. మీ దగ్గర కొందామని వచ్చాం. ఎంతకిస్తారో చెప్తే ఆ డబ్బు పోగుచేసుకుని వస్తాం."

ఆయన కాసేపు మా మొహాలు చూశారు. ఏ హాస్టలు, వార్డెన్ ఎవరు, మాస్టారి పేరేంటి అని అన్నీ అడిగారు. తర్వాత కొన్నధరకే ఇస్తానన్నారు, ఒకటి తన తరఫున కలిపారు. మా దగ్గర అర్జీ కాపీ ఉండబట్టే ఆయనకి నమ్మకం కలిగింది. కాబట్టి హెడ్‌మాస్టరుగారి సంతకం ఉన్న కాగితం జిరాక్సు ప్రతి జట్టు చేతిలోనూ ఉండాలి.

కొట్టువాళ్లు ఏ భాషలో లెక్క చెబుతున్నారో చూసి ఆ భాషలో మాట్లాడండి. మా బజారులో తెలుగు మాట్లాడే కొట్టుకీ ఒడియా మాట్లాడే కొట్టుకీ మధ్య ఒక గోడే ఉంటుంది. తెలుగువాళ్ల బడి పని తెలుగువాళ్లే చూసుకోవాలన్న ఆలోచన మీ మనసులో ఉంటే తీసేయండి. మా తెలుగు పుస్తకాల బీరువా బాగుచేసి, ఒక్క రూపాయి కూడా తీసుకోని వడ్రంగి ఇంట్లో మాట్లాడేది ఒడియా.

అయినా కొంత డబ్బు కావలసి వస్తుంది. అడగకుండా సంపాదించే దారులు రెండు చెబుతాను.

ఒకటి పాత పేపర్లు. ప్రతి ఇంట్లో పాత న్యూస్‌పేపర్లు, అయిపోయిన నోటుబుక్కులు ఉంటాయి. ఒక ఆదివారం పోగుచేసి, అదే రోజు పాత సామాన్ల కొట్టుకి వేసేయాలి. బడిలో నిలవ పెట్టకండి, వాన తగిలితే అంతా పోతుంది. వెళ్లేముందు రెండు మూడు కొట్లలో కిలో ధర అడగండి, తూకం మీ కళ్లముందు జరగాలి. నోటుబుక్కుల అట్టలు విడిగా కడితే వాటికి వేరే ధర ఇస్తారు. పేపర్ల మధ్య ఎవరివైనా సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు వచ్చేస్తాయి, ఒకసారి తిరగేసి చూడాలి. మాకు ఒకావిడ పెళ్లి ఫొటో దొరికింది, వెతుక్కుని వెళ్లి ఇచ్చాం.

రెండోది పానకం బల్ల. ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే పణా సంక్రాంతి ఒడియా వాళ్ల కొత్త సంవత్సరం. ఆ రోజు బేల పణా, అంటే మారేడుపండు గుజ్జుతో చేసే పానకం, తాగని ఇల్లుండదు. ఎండ మండిపోతుంటుంది. మేం గుడి దారిలో, ఒకళ్ల అరుగు మీద అడిగి బల్ల వేశాం. మారేడుపళ్లు స్నేహితుల పెరట్లోవే. కొన్నవి బెల్లం, పాలు, ఐసు, కాగితం గ్లాసులు. 430 రూపాయలు ఖర్చయింది. గ్లాసు పది రూపాయల చొప్పున 118 గ్లాసులు అమ్మాం. 1,180లో ఖర్చు పోగా 750 మిగిలింది. ఖర్చుని ముందే రాసుకోకపోతే 1,180 వచ్చిందని సంబరపడి, తర్వాత కంగారు పడతారు. ఇంకో మాట, కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. అమ్మవాళ్లలో ఒకరు అక్కడే ఉండి చూసుకోవాలి. మనం ఇచ్చింది తాగి ఒక్కరికి కడుపునొప్పి వచ్చినా ఆ బల్ల మళ్లీ వేయలేం.

తినుబండారాల స్టాలు గురించి చాలామంది అడుగుతారు. బడి వార్షికోత్సవంలో గుప్‌చుప్ (పానీపూరీ) స్టాలు పెడితే గిరాకీ బాగానే ఉంటుంది కానీ బయట బండి పెట్టుకునే వాళ్ల పొట్ట కొట్టినట్టు అవుతుందని నాకు అనిపిస్తుంది. ఆ బండాయన్నే పిలిచి, లోపల చోటిచ్చి, వచ్చినదాంట్లో కొంత ఇమ్మని అడగండి. ఆయనకీ బాగుంటుంది.

డబ్బు లెక్క

మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. నేను చేసిన తప్పు చెబుతాను.

తొమ్మిదో తరగతిలో పుస్తకాల బీరువా కోసం డబ్బు పోగుచేస్తున్నాం. డబ్బా ఒక అబ్బాయి దగ్గర ఉండేది, లెక్కల పుస్తకం నా దగ్గర. ఒక శనివారం లెక్క చూస్తే 340 రూపాయలు తగ్గింది. మూడుసార్లు ఎంచాం. ఎవరూ ఏమీ అనలేదు. కానీ అందరూ వాడి వైపే చూశారు. నేనూ చూశాను. వాళ్ల నాన్న రిక్షా తొక్కేవారు. వాడు ఏమీ మాట్లాడకుండా డబ్బా బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. సోమవారం బడికి రాలేదు.

ఆ రాత్రి నా పుస్తకాల సంచి సర్దుతుంటే ఆటో ఖర్చు గుర్తొచ్చింది. టెక్కలి సంచి స్టేషను నుంచి బడికి తెచ్చినప్పుడు ఆటోకి, పుస్తకాల అట్టలకి డబ్బాలోంచే తీసి ఇచ్చాను. తర్వాత రాద్దాంలే అనుకున్నాను. సరిగ్గా 340. మంగళవారం పొద్దున్నే నేను, ఇంకో స్నేహితురాలు వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ ముందు, వాడి ముందు నా తప్పు చెప్పాను. క్లాసులో అందరి ముందూ మళ్లీ చెప్పాను. వాడు తిరిగి వచ్చాడు, పుస్తకాలకి నంబర్లు వేసే పని కూడా చేశాడు. డబ్బా మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. ఆ రోజు వాడి మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

అందుకే ఈ పద్ధతి పెట్టుకోండి. డబ్బు ఉండేది ఒకరి దగ్గర, లెక్క రాసేది ఇంకొకరు, రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసి ఎంచి సంతకం పెట్టాలి. ఏ ఒక్కరి మీదా అనుమానం రాకుండా కాపాడేది ఆ రెండు సంతకాలే. డబ్బాకి తాళం వేసి, తాళంచెవి టీచరుగారి దగ్గర పెట్టండి. ఖర్చుకి డబ్బాలోంచి తీయకండి. ఖర్చులకి విడిగా రెండు మూడు వందలు ఒక కవరులో పెట్టుకుని, ప్రతి ఖర్చుకీ బిల్లో చీటీయో అందులో వేయండి. ఆటో ఆయన బిల్లు ఇవ్వరు కాబట్టి తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత అని మీరే చీటీ రాసి, పక్కనున్నవాళ్ల చేత సంతకం పెట్టించండి.

నంబర్లు అచ్చువేసిన రసీదు పుస్తకం స్టేషనరీ కొట్లో దొరుకుతుంది. పది రూపాయలిచ్చినా రసీదు ఇవ్వండి. పాడైన రసీదు చింపి పారేయకుండా "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచండి.

ఫోన్‌పే, గూగుల్ పే గురించి: ఇప్పుడు చాలామంది "క్యూఆర్ ఉందా" అని అడుగుతారు. మీ అన్నయ్య నంబరో, నాన్నగారి నంబరో ఇవ్వొద్దు. ఇంటి డబ్బూ విరాళం డబ్బూ ఒకే ఖాతాలో పడ్డాక విడదీసి చూపించడం కష్టం. బడి పేరు మీద ఖాతా ఉంటే హెడ్‌మాస్టరుగారి అనుమతితో దానిలో వేయించండి. లేదంటే నగదు, రసీదు చాలు. "దీనికి పన్ను మినహాయింపు వస్తుందా" అని ఎవరైనా అడిగితే రాదని చెప్పండి. ఆ మినహాయింపు దానికి ఆమోదం పొందిన సంస్థలకు ఇచ్చే విరాళాలకే వర్తిస్తుంది, పిల్లల రసీదుకి వర్తించదు.

పని అయ్యాక మూడు రోజుల్లోపు లెక్క నోటీసుబోర్డు మీద పెట్టండి. వచ్చింది, ఖర్చయింది, మిగిలింది. ఇచ్చిన కొట్లకి ఆ కాగితం కాపీ పట్టుకెళ్లి చూపించండి. ఆ ప్లాస్టిక్ సామాన్ల బాబాయిగారు కాగితం చదివి మడిచి గల్లాపెట్టెలో పెట్టుకున్నారు. చందా తీసుకెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి లెక్క చెప్పడం ఎప్పుడూ చూడలేదన్నారు.

ఇచ్చేటప్పుడు

ఫొటో తీయకండి. ఇది నా గట్టి అభిప్రాయం. మేం హాస్టలుకి బకెట్లు తీసుకెళ్లినప్పుడు మాలో ఒకరు ఫోను తీయగానే, గడియారం మాట చెప్పిన ఆ అమ్మాయే చున్నీ మొహం మీదికి లాక్కుంది. ఫోను లోపల పెట్టేశాం. రుజువు కావాలంటే గోడ మీద గడియారాన్ని ఫొటో తీయండి, వార్డెను సంతకంతో అందినట్టు కాగితం తీసుకోండి. వేదిక, దండలు, ఉపన్యాసాలు వద్దు. మధ్యాహ్నం వెళ్లి, మేకులు మీరే కొట్టి, కాసేపు పిల్లలతో ఆడుకుని రండి. మాకు వాళ్లు సవరలో ఒకటి నుంచి పది వరకు నేర్పించారు.

గంటలు, సర్టిఫికెట్లు, డైరీ

హైస్కూల్లో ఉంటే జూనియర్ రెడ్‌క్రాస్, స్కౌట్స్ అండ్ గైడ్స్ ఉంటాయేమో అడగండి. ప్లస్ టూ, డిగ్రీకి వచ్చాక ఎన్‌ఎస్‌ఎస్. ఇది గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో సెప్టెంబరు 24న మొదలైంది. సంవత్సరానికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి ఉంటుంది. దాని గుర్తు మన కోణార్క రథచక్రమే. చక్రానికి ఎనిమిది ఆకులు, రోజులో ఎనిమిది జాములకి గుర్తుగా. ఆ బ్యాడ్జి మొదటిసారి పెట్టుకున్నప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

సర్టిఫికెట్ కోసం చేరడం తప్పేమీ కాదు. నేనూ కొంత అందుకే చేరాను. గంటలు రాసే పుస్తకంలో ఎప్పటికప్పుడు సంతకాలు పెట్టించుకోండి, ఏడాది చివర్లో ఒకేసారి రాసుకుందామనుకుంటే టెన్షనే. రక్తదాన శిబిరం పెడితే గుర్తుంచుకోండి, 18 ఏళ్లు నిండనివాళ్లు, 45 కిలోల కంటే తక్కువ బరువున్నవాళ్లు రక్తం ఇవ్వకూడదు. ప్లస్ టూ పిల్లల్లో చాలామందికి వయసు చాలదు. వరస చూడడం, పేర్లు రాయడం, ఇచ్చినవాళ్లకి జ్యూసు, బిస్కెట్లు అందించడం మీ పని.

డైరీ మాత్రం మీ కోసమే రాసుకోండి. కార్యక్రమం ఉన్న రోజు పడుకునేముందు ఐదు వాక్యాలు చాలు. "ఈ రోజు సేవ చేయడం వల్ల ఎంతో ఆనందం కలిగింది" అని రాస్తే నెల తర్వాత చదువుకుంటే ఏమీ గుర్తురాదు. ఎవరు ఏ మాట అన్నారో అదే మాట రాయండి. ఏం తప్పు జరిగిందో రాయండి. మళ్లీ చేస్తే ఏం మారుస్తారో రాయండి. టీచరుగారు అనుభవం మీద వ్యాసం రాయమన్నప్పుడు, ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, తర్వాత బ్యాచికి చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ ఐదు వాక్యాలే పనికొస్తాయి. నేను ఇప్పుడు ఇదంతా రాయగలుగుతున్నది ఆ డైరీ వల్లే.

మీరు వెళ్లిపోయాక ఎవరు చూసుకుంటారు

తెలుగు పుస్తకాల బీరువా ఎందుకు పెట్టామంటే, మా బడిలో తెలుగు ఇళ్ల పిల్లల్లో చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, చదవలేరు. ఒడియా అక్షరాలు గడగడా చదివే పిల్లవాడు, అమ్మమ్మ పంపిన పెళ్లి శుభలేఖని ఇంకొకరిచేత చదివించుకుంటాడు. నాకు అది భరించలేనంత బాధగా ఉండేది. మొదట వచ్చిన పుస్తకాలన్నీ పెద్ద నవలలు, పాత పోటీపరీక్షల గైడ్లు. చదవడం రాని పిల్లలకి అవేం చేస్తాయి? అప్పుడు మళ్లీ అడిగి, పెద్ద అక్షరాల వాచకాలు, గుణింతాల పుస్తకాలు, బొమ్మల కథలు మాత్రమే తీసుకున్నాం. 160 దాకా పోగయ్యాయి. శనివారాలు మధ్యాహ్నం నేను, ఇంకో ఇద్దరం కూర్చుని చిన్నపిల్లలకి చదవడం నేర్పేవాళ్లం. ఫిబ్రవరి నాటికి పద్నాలుగు మంది కూడబలుక్కుని చదవగలిగేవారు.

2020 మార్చిలో కరోనాకి బడి మూసేశారు. బీరువా గదికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో మాకు తెలియదు, అడగాలన్న ఆలోచనా రాలేదు. మళ్లీ తలుపు తీసేసరికి కింది రెండు అరలూ చెద తినేసింది. 160లో మిగిలినవి 70.

అందుకే మూడో ప్రశ్న. ఇచ్చేది ఏదైనా సరే, ఇచ్చే రోజే కొన్ని సంగతులు తేల్చుకోండి. తాళంచెవులు రెండు ఉండాలి, ఒకటి టీచరుగారి దగ్గర, ఒకటి కింది తరగతి విద్యార్థి దగ్గర. బీరువా గోడకి ఆనకుండా, కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తుగా ఉంచాలి. వానాకాలం ముందూ తర్వాతా పుస్తకాలన్నీ తీసి దులిపి ఎండలో పెట్టాలి, మధ్యమధ్యలో ఎండు వేపాకు వేయాలి. ఈ పనులు ఎవరు చేస్తారో పేర్లు రాసి బీరువా తలుపు లోపల అంటించండి. మీరు తొమ్మిదో తరగతిలో మొదలుపెడితే ఎనిమిదో తరగతి వాళ్లని ఇద్దరిని మొదటి రోజునుంచే వెంట తిప్పుకోండి. పోగుచేసిన డబ్బులో పదో వంతు మరమ్మతులకని పక్కన పెట్టండి.

హాస్టలు గడియారాల విషయంలో ఈ జాగ్రత్త పడ్డాం. విడిగా నాలుగు సెల్సు కొని వార్డెనమ్మకి ఇచ్చి, గడియారం వెనక సెల్ వేసిన తేదీ రాసి అంటించాం. ఈ జనవరిలో ఆ దారినే వెళ్తూ లోపలికి తొంగిచూశాను. మా అక్షరాల కింద ఎవరో ఒడియాలో ఇంకో రెండు తేదీలు రాశారు. గడియారం రెండు నిమిషాలు ముందుంది.